బావ ‘సామాను వద్దు’ అంటున్నారు, మేనల్లుడు చలికి తట్టుకోలేడు. మంచు మీద చేపలవేటకు ఏం పట్టుకెళ్ళాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. నిడివి ఎక్కువ కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

చలిదేశంలో అక్కాబావలు ఉండే ఊళ్ళోనే ఆయనకు ఉద్యోగం. చలికాలం వచ్చి సరస్సు గడ్డకట్టిందంటే బావగారు శని ఆదివారాలు దాని మీదే గడుపుతారు. మంచుకు రంధ్రం చేసి గాలం వేసుకుని కూర్చోవడం ఆయనకు ఏళ్ళ నాటి అలవాటు. పోయినసారి ఈయన్నీ, పదేళ్ళ మేనల్లుణ్నీ వెంట తీసుకెళ్ళారు. బావగారి సామాను కొలిచినట్టు ఉంటుంది. మంచు తొలిచే ఆగర్, గాలపు కర్రలు, చేపల జాడ చూపే యంత్రం, ఒక బకెట్, చిన్న గుడారం, దాన్లోకి గ్యాస్ హీటర్. అంతకుమించి ఏది పెట్టబోయినా "స్లెడ్డు లాగేది నేనయ్యా, నువ్వు కాదు" అంటారు. స్లెడ్డంటే సామాను వేసి మంచు మీద లాక్కెళ్ళే చక్రాల్లేని బండి.

ఆ రోజు జరిగినవన్నీ పాఠకుడు వరసగా రాశారు. మొదటి చేపను తీసేటప్పుడే గ్లౌజులు తడిసిపోయాయి, వేరే జత లేదు. పట్టకారు జారి రంధ్రంలో పడిపోయింది. మధ్యాహ్నానికల్లా ఫోను ఆగిపోయింది. పిల్లాడు కాళ్ళు తిమ్మిరెక్కాయని ఏడిస్తే గుడారంలో కూర్చోబెట్టారు, కాసేపటికి తలనొప్పన్నాడు. తిరుగుదారిలో చీకటి పడింది, ఉన్న ఒక్క టార్చీ మిణుకుమిణుకుమంది. ఇంటికొచ్చాక అక్క ఇద్దరికీ గడ్డి పెట్టింది. ఇప్పుడు బావ మళ్ళీ పిలుస్తున్నారు, పిల్లాడూ హుషారుగా ఉన్నాడు. ఈయన ఒక చిట్టా రాసి చూపిస్తే బావ నవ్వేసి "పెళ్ళికి వెళ్తున్నామా?" అన్నారట. "ఏవి తప్పనిసరి, ఏవి వట్టి మోత? బావ మనసు నొచ్చుకోకుండా వాటిని ఎలా పట్టుకెళ్ళాలి? అసలు పిల్లాణ్ని తీసుకెళ్ళవచ్చా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

గ్లౌజుల గురించీ పట్టకారు గురించీ మీరు పేరాలకు పేరాలు రాశారు. పిల్లాడి తలనొప్పిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే.

మూసిన గుడారంలో గ్యాస్ హీటర్ మండుతుంటే తలనొప్పి వచ్చిందంటే, ముందుగా అనుమానించాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌ని. ఆ విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వికారం, మగత. చలికి అలసిపోయినప్పుడూ అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు అదే జరిగిందని ఉత్తరం చదివి తేల్చలేం. ఎండకూ దాహానికీ కూడా తల నొస్తుంది. కానీ ఈసారి గుడారంలో హీటర్ వెలిగించేట్టయితే రెండు పనులు తప్పనిసరి. ఒకటి, గుడారానికి కింద ఒక గాలిదారి, పైన ఒక గాలిదారి తెరిచి ఉంచాలి. ఒక్కటే తెరిస్తే గాలి సరిగా ఆడదు. మంచు ఎగిరిపడి కింది దారి మూసుకుపోతూ ఉంటుంది, మధ్యమధ్య చూసుకోవాలి. రెండోది, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం.

ఆ అలారం కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. ఇళ్ళ గోడలకు పెట్టే అలారాలు చాలావరకు సుమారు 4 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేయడానికి చేసినవి. సున్నాకు ఎంతో కిందనున్న చలిలో వాటిని నమ్మలేం. పైగా అవి నిదానంగా మోగేలా ఉంటాయి. అమెరికా ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు) దగ్గర అలాంటి అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. అందుకని సున్నాకు దిగువన పనిచేస్తుందని పొట్లం మీద రాసి ఉన్నది, గాలిలో ఎంత ఉందో అంకెల్లో చూపించేది చూసి తీసుకోండి. కూర్చున్నప్పుడు మీ ముక్కు ఉండే ఎత్తులో, హీటర్‌కూ గాలిదారికీ దూరంగా కట్టండి. "నా హీటర్‌కి సెన్సర్ ఉంది, అదే ఆగిపోతుంది" అని మీ బావగారు అనవచ్చు. చాలా హీటర్లలో ఉండేది ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్. మంచిదే. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని కొలవదు.

ఇక సామాను సంగతి. మీ బావగారు మోత గురించి అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. మెత్తటి మంచులో స్లెడ్డు లాగుతుంటే పెరిగిన ప్రతి కిలో భుజానికి తెలుస్తుంది. లాగేవాడికి చెమట పడుతుంది, ఆ చెమటే తర్వాత కూర్చున్నప్పుడు చలై కూర్చుంటుంది. అందుకే మీ చిట్టాను "ఇది అవసరమా" అని కాకుండా "ఇది ఎక్కడ ఉంటుంది" అని చూడండి. ప్రాణానికి సంబంధించినవి ఒంటి మీద ఉండాలి. చేతులకు సంబంధించినవి జేబుల్లో ఉండాలి. మిగతావి ఆ ఒక్క బకెట్‌లో పడితేనే వస్తాయి, పడకపోతే ఇంట్లోనే. ఇలా సర్దితే స్లెడ్డు మీద కొత్తగా చేరేది దాదాపు ఏమీ ఉండదు, బావగారి అభ్యంతరానికి చోటూ ఉండదు.

ఒంటి మీద ఉండాల్సినవాటిలో మొదటిది ఐస్ పిక్స్. రెండు చిన్న పిడులు, ఒక్కోదానికి ఒక ఉక్కు మొన, రెంటినీ కలుపుతూ ఒక తాడు. కోటు మీదుగా మెడలో వేసుకుంటారు. సంచిలో ఉంటే అవి లేనట్టే, ఎందుకంటే మంచు విరిగి పడినప్పుడు సంచి పైనుంటుంది, మీరు నీళ్ళలో ఉంటారు. కెనడా పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్క గుర్తుపెట్టుకోండి. పడిన మొదటి నిమిషం ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, అప్పుడు చేయాల్సిందల్లా తల పైన ఉంచి శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడం. తర్వాత సుమారు 10 నిమిషాల వరకు చేతులూ కాళ్ళూ మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. బయటపడేది ఆ పది నిమిషాల్లోనే. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే అంతదాకా మిమ్మల్ని మోసిన మంచు అదే. చేతులు మంచు మీదికి చాపి, ఒళ్ళు నీటి మీద అడ్డంగా తేలేలా కాళ్ళు గట్టిగా ఆడించి, పిక్స్ గుచ్చుకుంటూ పాకాలి. పైకి రాగానే లేచి నిలబడితే మళ్ళీ విరుగుతుంది. పొర్లుతూ దూరం జరగాలి. ఇంట్లో తివాచీ మీద బోర్లా పడుకుని పిల్లాడితో ఒకసారి ఆ కదలిక చేయించండి, ఆటలాగే నేర్చుకుంటాడు.

రెండోది ప్లాస్టిక్ ఈల. లోపల గింజ లేనిది చూసుకోండి. గింజ ఉన్న ఈలలో తడి చేరితే గడ్డకట్టి పలకదు, లోహపు ఈల చలికి పెదవికి అతుక్కుంటుంది. మూడోది నీటి మీద తేలే తాడు, 15 మీటర్లు, చిన్న సంచిలో వదులుగా కుక్కింది. ఇది ఎవరి ఒంటి మీద ఉండాలో ఆలోచించండి. స్లెడ్డు లాగుతూ ముందు నడిచే మనిషే పడే అవకాశం ఎక్కువ, కాబట్టి తాడు వెనక నడిచేవారి దగ్గర ఉండాలి, అంటే మీ దగ్గర. ఎవరైనా పడితే అంచు దాకా వెళ్ళకండి, దూరంగా బోర్లా పడుకుని విసరండి. బరువు అరకిలోకు అటూఇటూ.

పిల్లాడికి మాత్రం కోటు మీద లైఫ్ జాకెట్ తొడగండి. పిక్స్ వాడే బలం ఆ వయసుకు ఉంటుందని నమ్మలేం. తేలుతూ ఉంటే మీకు తాడు విసిరే వ్యవధి దొరుకుతుంది. పైగా ఛాతీకి వెచ్చగా ఉంటుంది కాబట్టి పెద్దగా పేచీ పెట్టడు.

బూట్లకు తొడిగే ముళ్ళ పట్టీలు పైన ఏమీ లేని నున్నటి మంచుగడ్డ మీద ఎంతో పనికొస్తాయి, పైన మెత్తటి మంచు పరిచి ఉంటే అంత అవసరం ఉండదు. అవి వేసుకుని గుడారం గుడ్డ మీద నడిస్తే చిరుగుతుంది.

మంచు మందం చూడటానికి కొనాల్సిందేమీ లేదు. రెండడుగుల సన్నటి చెక్కపట్టీ అడుగున ఒక మేకు అడ్డంగా కొట్టండి. మేకు నుంచి 10, 15, 20 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీయండి. రంధ్రంలోకి దించి మేకును మంచు అడుగుకు తగిలిస్తే పైన గీత మందం చెప్పేస్తుంది. తెల్లగా నురగలా ఉన్న పొరను ఇందులో విడిగా చూడండి, దాని బలం పారదర్శకంగా ఉన్న గట్టి మంచులో సగమే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ కాలినడకకు కనీసం 4 అంగుళాల కొత్త, పారదర్శకమైన మంచు ఉండాలంటుంది, అంటే సుమారు 10 సెంటీమీటర్లు. తెల్ల మంచయితే దానికి రెట్టింపు. ఒక్కచోట కొలిచి సరస్సంతా అంతే అనుకోకూడదు. ఏరు వచ్చి కలిసే చోట, ఊటలున్న చోట, రెల్లు మొలిచిన చోట, వంతెనల కింద పలచగా ఉంటుంది. యాభై అడుగులకొకసారి ఆగి తొలిచి చూడటం విసుగే, అయినా పిల్లాడు వెంట ఉన్నప్పుడు ఆ విసుగు భరించాల్సిందే.

ఇప్పుడు చేతులు. మంచు మీద రోజు పాడయ్యేది చాలాసార్లు చేతుల దగ్గరే. గాలికన్నా నీరు వేడిని సుమారు 25 రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. తడి గ్లౌజు వేసుకోవడం కన్నా ఖాళీ చెయ్యి జేబులో పెట్టుకోవడం నయం. మీకు కావలసింది మందపాటి ఒక్క జత కాదు, మూడు రకాలు. వేళ్ళు కదిలేంత పలచటి ఉన్ని గ్లౌజులు, వాటి మీద తొడిగే, నాలుగు వేళ్ళూ ఒకే గూట్లో ఉండే పెద్ద తొడుగులు, నీళ్ళలో చెయ్యి పెట్టాల్సినప్పుడు మోచేతి దాకా వచ్చే రబ్బరు జత ఒకటి. ముడి వేసేటప్పుడు పెద్ద తొడుగులు తీసి మంచు మీద పడేయకండి, లోపలికి మంచు చేరుతుంది. రెంటినీ కలిపి ఒక తాడు కట్టి కోటు చేతుల గుండా తీస్తే చేతిలోంచి జారినా వేలాడుతూ ఉంటాయి. పిల్లాడికి ఇది తప్పకుండా చేయండి. ఉన్ని జతలు మాత్రం ఒక్కొక్కరికి రెండేసి ఉండాలి, విడి జత జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో.

వాటితో పాటు తుండుగుడ్డలు. ఒకటి కాదు, మూడు నాలుగు చిన్నవి. ఒకటి చేప జిగురుకు, ఒకటి చేతులకే, ఒకటి పిల్లాడి ముక్కుకు, ఒకటి పొడిగా దాచినది. బెల్టుకు కట్టుకున్న తుండుగుడ్డ కాసేపటికి చెక్కలా బిగుస్తుంది. విదిలిస్తే మంచు రాలి మళ్ళీ కొంత పనికొస్తుంది. చేపను నీళ్ళలోకి వదిలేయాలనుకుంటే మాత్రం పొడి గుడ్డతో పట్టుకోకండి, ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. తడి చేత్తో పట్టి, వీలైనంత వరకు రంధ్రం దగ్గరే గాలం విప్పి వెంటనే వదలాలి. సున్నాకు బాగా దిగువన ఉన్న గాలిలో మొప్పలూ కళ్ళూ త్వరగా గడ్డకడతాయి. ఫొటో తీసుకోవాలంటే ముందు ఫోను సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే చేపను పైకి తీయండి.

చేతులు వెచ్చబెట్టే పొట్లాలు అందరూ కొంటారు, సగం మంది సరిగా వాడరు. వాటిలో ఇనుప పొడి ఉంటుంది, అది గాలి తగిలి తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. కాబట్టి గాలి ఆడకుండా బిగించి పెడితే చల్లారుతుంది. అవసరానికి పావుగంట ముందే చించి, గాలి తగిలేలా ఉంచి, అప్పుడప్పుడు కుదపండి. ఉన్ని గ్లౌజు మీద, పెద్ద తొడుగు లోపల పెట్టాలి. నేరుగా చర్మానికి తగిలితే కాలుతుంది, చలికి మొద్దుబారిన పిల్లాడి చేతికి ఆ మంట తెలియకపోవచ్చు. త్వరగా తిరిగొచ్చేస్తే మిగిలిన పొట్లాన్ని గాలి తీసేసిన జిప్పు సంచిలో మూసిపెట్టండి, అక్కడితో ఆగి మరోసారికి పనికొస్తుంది. బూటులో పెట్టడానికి పాదాల కోసం చేసిన రకమే తీసుకోండి. చేతుల పొట్లం ఆ ఇరుకులో గాలి చాలక ఊరికే గట్టిపడి అడ్డంగా ఉంటుంది.

పిల్లాడి కాళ్ళు తిమ్మిరెక్కడానికి కారణం మేజోళ్ళు చాలకపోవడం కాకపోవచ్చు. గంటల తరబడి నేరుగా మంచు మీద నిలబడితే ఎంత మంచి బూటైనా అడుగు నుంచి వేడి కోల్పోతుంది. ఇంకో జత మేజోళ్ళు కుక్కితే బూటు బిగుసుకుపోయి రక్తం ఆడక మరింత చలేస్తుంది. నీరు పీల్చని ఫోమ్ పలక, ఒకటి రెండు సెంటీమీటర్ల మందంది, పాదాల కింద ఒక ముక్క, బకెట్ మీద కూర్చోవడానికి ఒక ముక్క. ఇంత తక్కువ బరువుకు ఇంత సుఖమిచ్చే వస్తువు మీ చిట్టాలో ఇంకోటి లేదు. అదే ఫోమ్‌లో రంధ్రమంత గుండ్రటి బిళ్ళ కోసి, లైను (గాలపు దారం) పట్టేలా ఒక చీలిక పెడితే రంధ్రానికి మూత అవుతుంది. నీరు గడ్డకట్టడం నెమ్మదిస్తుంది. గాలం విప్పేటప్పుడు ఆ మూత వేసి ఉంచితే పట్టకారు లోపలికి పడదు.

పడిన పట్టకారు సంగతికి వద్దాం. ముక్కు పొడుగ్గా ఉన్న పట్టకారునూ, లైను కత్తిరించే గోళ్ళ కత్తెరనూ లాగితే వచ్చి వదిలితే వెనక్కిపోయే చిన్న చక్రపు తాళ్ళతో ఛాతీ దగ్గర తగిలించుకోండి. మెడలో పొడుగ్గా వేలాడే తాడు వద్దు, వంగినప్పుడు రంధ్రంలోకి దిగి తడిసి గడ్డకడుతుంది. బకెట్‌లో ఒక చిన్న బలమైన అయస్కాంతం, నాలుగైదు గజాల దారం కూడా పడేసుకోండి, లోతు తక్కువైతే పడిన సామాను పైకొస్తుంది. కాకపోతే కొన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ పనిముట్లకు అయస్కాంతం అంటదు. కొనే ముందే అంటించి చూడండి.

రంధ్రంలో పేరుకునే మంచు గుజ్జును తీయడానికి చిల్లుల గరిటె లేకుండా రోజు గడవదు. ఆ గుజ్జులో లైను ఇరుక్కుని గడ్డకడితే, చేప లాగినప్పుడు అంచు దగ్గరే తెగుతుంది. లోహపు గరిటె గట్టిదే, కానీ చిల్లులు మంచుతో పూడిపోయాక వదలదు. వంగే ప్లాస్టిక్ రకమైతే బూటుకేసి కొట్టగానే రాలిపోతుంది. వాడాక మంచు మీద పడుకోబెడితే అతుక్కుపోతుంది, బకెట్‌లో నిలబెట్టండి.

గాలపు కర్ర చివర వలయాల్లో పేరుకున్న మంచును చాలామంది కొట్టి రాలుస్తారు. ఆ సన్నటి కొస టప్పున విరిగేది అప్పుడే. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కరిగించాలి, లేదా ఒక్క క్షణం నీళ్ళలో ముంచాలి. ఇంట్లోనే వలయాలకు పెదవుల బామ్ పలచగా రాస్తే మంచు పట్టడం తగ్గుతుంది. జేబులో ఉండేదే, కొత్త బరువేమీ కాదు. ఒక పిన్నీసు కూడా కోటు లోపల గుచ్చుకోండి. చిన్న గాలాల చెవి రంగుతో పూడి ఉంటుంది, లైను దూరదు. దాన్ని పొడిచి తెరవడానికి పిన్నీసును మించింది లేదు. ఇంకా మంచి పద్ధతి, ఆ పనంతా ఇంట్లోనే ముగించుకోవడం. ఐదారు గాలాలకు ముందే లైను ముక్కలు ముడివేసి ఫోమ్ పట్టీకి చుట్టుకుంటే మంచు మీద ఒక్క కొక్కెం తగిలిస్తే చాలు. మొద్దుబారిన వేళ్ళతో వేసిన ముడి పెద్ద చేప పడినప్పుడే ఊడుతుంది.

పురుగులు ఎరగా వాడితే వాటి డబ్బీ లోపలి జేబులో ఉండాలి, బయట గడ్డకడితే మెత్తబడి గాలానికి నిలవవు. బతికిన చిన్న చేపలు ఎరైతే వాటిని తీయడానికి టీ వడగట్టే జల్లెడంత వల ఒకటి తీసుకోండి. ప్రతిసారీ బకెట్‌లో చెయ్యి ముంచితే పైన చెప్పిన గ్లౌజుల ఏర్పాటంతా వృథా. ఎరకూ, ఎన్ని గాలాలు వేయవచ్చనే దానికీ మీ ప్రాంతపు నిబంధనలు చూసుకోండి. లైసెన్సు నీరు చొరని సంచిలో మీ ఒంటి మీదే ఉండనివ్వండి.

చేపల జాడ చూపే యంత్రం బ్యాటరీ చలికి నీరసిస్తే బావగారికి కోపం వస్తుంది. అప్పుడు గాలానికి తగిలించే చిన్న సీసపు గుండు మీ జేబులోంచి తీయండి. అడుగు తగిలేదాకా దించి, లైను మీద గుర్తు పెట్టి, ఒకటి రెండు అడుగులు పైకి లాగితే లోతు కుదిరిపోతుంది. నీరు సుమారు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త వెచ్చటి నీరు అడుగున చేరుతుంది. చాలా రకాల చేపలు అడుక్కి దగ్గరగానే తిరుగుతాయి.

దీపం, ఫోను. తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒకటి, పిల్లాడికి కూడా. దాన్లో మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి చతికిలబడతాయి, మళ్ళీ ఛార్జి చేసే రకం కాని లిథియం సెల్స్ సున్నాకు దిగువ 40 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవి. ఫోనునూ పవర్ బ్యాంకునూ చొక్కాకు దగ్గరగా ఉన్న జేబులో పెట్టండి. చలికి ఆగిపోయిన ఫోను వెచ్చబడితే మళ్ళీ లేస్తుంది. సున్నాకు దిగువన చల్లగా ఉన్న ఫోనును ఛార్జికి పెట్టకండి, బ్యాటరీ లోపల లోహపు పొర పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. సిగరెట్ లైటర్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్, అది సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. లైటరూ లోపలి జేబులోనే ఉండాలి. హీటర్ సిలిండర్‌లో ప్రొపేన్ ఉంటే ఆ ఇబ్బంది రాదు, దాని మరిగే స్థానం సున్నాకు దిగువ 42 డిగ్రీలు.

ఇంకా బకెట్‌లో పట్టేవి కొన్ని. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్ళు ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, తర్వాత తాగేది పోస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. మంచినీళ్ళ సీసా తలకిందులుగా పెట్టండి, మంచు పైన, అంటే సీసా అడుగు వైపు కడుతుంది, మూత దగ్గర నీరు తాగడానికి ఉంటుంది. చలువ కళ్ళద్దాలు మరిచిపోవద్దు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొట్టగలదు, తలనొప్పికి అదీ ఒక కారణం. ఆగర్ బ్లేడు మరలకు సరిపోయే చిన్న తాళంచెవి, ఫ్లాస్కు చుట్టూ చుట్టిన రెండు గజాల అతుకుడు టేపు, ఒక చెత్త సంచి. అక్కరలేనివి కూడా చెబుతాను. పెద్ద పనిముట్ల పెట్టె, మడత బల్ల, రెండో లాంతరు, నూలు బట్టలు. నూలు తడిస్తే ఆరదు. చలికి మందు మంచిదన్న మాట నమ్మకండి, చర్మం వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి త్వరగా పోతుంది.

ముగ్గురికీ పొడి బట్టల సంచి ఒకటుంది, అది సరస్సు మీదికి అక్కరలేదు. కారులో ఉంచండి. నడక దూరం అరగంట దాటితే మాత్రం పిల్లాడి జత ఒక్కటి వెంట తెచ్చుకోండి.

బావగారి విషయం. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఏమీ అడక్కుండా పైన చెప్పినవన్నీ మీ జేబుల్లో, మీ వీపు సంచిలో మోసుకెళ్ళడం. గొడవ ఉండదు, ఆయన గ్లౌజులు తడిసినప్పుడు మీ దగ్గరున్న పొడి జత మాట్లాడుతుంది. లోపమేమిటంటే, హీటర్, మంచు మందం విషయాలు ఆయన చేతిలోనే ఉంటాయి. వాటిని మీ జేబు పరిష్కరించలేదు.

రెండోది, బయల్దేరే రోజుకు ముందే కూర్చుని మాట్లాడటం. అప్పుడు చిట్టా మొత్తం చూపించకండి. ఇరవై వస్తువులు చూపిస్తే ఆయన కన్ను అనవసరమైన వాటి మీద పడుతుంది, అసలువి ఆ నవ్వులో కొట్టుకుపోతాయి. మూడే మాటలు చెప్పండి. అలారం, అందరికీ పిక్స్, పిల్లాడికి లైఫ్ జాకెట్. "బావా, నీ పద్ధతిలో తప్పేం లేదు, పిల్లాడున్నాడు కాబట్టి ఈ మూడూ నేనే కొని నేనే మోస్తాను" అనండి. తలనొప్పి సంగతి కూడా అప్పుడే చెప్పండి, తప్పు పట్టినట్టు కాకుండా అడిగినట్టు. ఇన్నేళ్ళ అనుభవమున్న మనిషి ఆ మాటను కొట్టిపారేయకపోవచ్చు. అక్క ముందు మాత్రం ఎత్తకండి, అది పంచాయితీ అవుతుంది, ఆయన ఒప్పుకోవాలనుకున్నా ఒప్పుకోలేరు.

మూడోది, మీరు విడిగా ఒక చిన్న ప్లాస్టిక్ స్లెడ్డు లాక్కుని రావడం. పిల్లాడు అలసిపోతే కూర్చోబెట్టి తీసుకురావచ్చు, మోత వాదన పూర్తిగా పోతుంది. కానీ చోటు దొరికింది కదా అని నింపేస్తారు, బావగారు అన్నదే నిజమవుతుంది. పైగా మీకు చెమట పట్టి తర్వాత వణుకుతారు.

నన్నడిగితే రెండో దారిలో మొదలుపెట్టి, మిగతావి మొదటి దారిలో పట్టుకెళ్ళమంటాను. ఆయన అలారానికి ఒప్పుకోకపోతే రెండు ప్రత్యామ్నాయాలు. హీటర్ లేకుండా గుడారాన్ని గాలికి అడ్డంగా మాత్రమే వాడి, పూటకే తిరిగి రావడం. లేదా ఈసారికి మీరిద్దరే వెళ్ళి, పిల్లాణ్ని ఇంకో వారం తీసుకెళ్ళడం. రెండో దానికి పిల్లాడు అలుగుతాడు, బావగారికీ పౌరుషం రావచ్చు. అలారం లేని మూసిన గుడారంలో మాత్రం పిల్లాణ్ని కూర్చోబెట్టకండి.

పిల్లాణ్ని తీసుకెళ్తే సమయం ముందే అనుకోండి. పదేళ్ళవాడికి రెండు మూడు గంటలు చాలు, అది కూడా చీకటి పడేలోపు ముగిసేలా. చలేస్తోందని వాడు చెప్పేదాకా ఆగకండి, అరగంటకొకసారి గ్లౌజు తీసి వేళ్ళు చూడండి. కొసలు తెల్లగా పాలిపోయి, గిచ్చినా తెలియడం లేదంటే ఇక వెళ్ళిపోవాల్సిందే. వాటిని మంచుతో రుద్దకూడదు, హీటర్‌కి దగ్గరగా పెట్టకూడదు. మీ చంకలో పెట్టి వెచ్చబెట్టండి, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వాడికి ఒక పని కూడా ఇవ్వండి. చిల్లుల గరిటె వాడి చేతికిచ్చి మూడు రంధ్రాల గుజ్జు బాధ్యత అప్పజెప్తే తిరుగుతూ ఉంటాడు, కాళ్ళు వెచ్చగా ఉంటాయి.

సర్దుకోవడం ముందు రాత్రే చేయండి. కొత్త సెల్స్ వేసి లైట్లు వెలిగించి చూడటం, అలారం మీట నొక్కి మోగించడం, గాలాలకు ముడులు వేయడం అన్నీ వేళ్ళు వెచ్చగా ఉన్నప్పుడే. తిరిగొచ్చాక ఆ రాత్రే తుండుగుడ్డలూ ఉన్ని గ్లౌజులూ ఆరేయండి, బూట్ల లోపలి పొరలు బయటికి తీయండి, తాడును సంచిలోంచి తీసి ఆరనివ్వండి. తడి తాడు సంచిలోనే ఉంటే మళ్ళీ బయటికెళ్ళినప్పుడు ఒకే ముద్దగా గడ్డకట్టి విసరడానికి రాదు. ఆగర్ బ్లేడు తుడిచి ఒక చుక్క నూనె రాసి, తొడుగు వేసి పెట్టండి.